బిగించప్పా, ఇంకొంచెం బిగించు!

నల్లమాడ చుట్టుపక్కల దేన్నయినా నిలబెట్టడానికి ఒకటే శాస్త్రం ఉంది. బిగించడం. బోరు పైపు జారుతోందా, చైను రెంచి తగిలించి బిగించు. ట్రాక్టరు చక్రం నట్టు వదులవుతోందా, స్పానరుకు గజం పైపు తొడిగి, దానిమీద ఎక్కి నిలబడి బిగించు. ఈ శాస్త్రానికి ఇన్నాళ్ళూ తిరుగులేదు, ఎందుకంటే బోరు పైపూ ట్రాక్టరు చక్రమూ ఇలాంటి భక్తిని తట్టుకునేలా తయారైన వస్తువులు. ఎయిర్‌గన్ మీదికి స్కోపు వచ్చి కూర్చున్నాకే చిక్కంతా మొదలైంది.

ఎయిర్‌గన్ సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి వెడల్పు 4.5 మి.మీ. మించకుండా, గుండు శక్తి 20 జౌళ్ళు దాటకుండా ఉన్న గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదు. అందుకే అది కొరియరులో వస్తుంది. దాంతో అడవి పందిని ఆపాలనుకోవడం పందిని నవ్వించడమే. నెమలి మీద గురిపెడితే 1972 వన్యప్రాణి చట్టం మన మీద గురిపెడుతుంది. ఇక మిగిలింది గట్టుమీద నిలబెట్టిన టెంకాయ చిప్ప. చెనక్కాయ చేను కాపలాకని ఇంట్లో చెప్పి కొన్న ఆయుధం చివరికి టెంకాయ చిప్పల పాలిట యముడైంది. సరే, చిప్పకైనా గురి కావాలి గదా!

ఆ గురి గురించి మనకు తెలిసినదంతా సినిమా నేర్పిందే. తెరమీద స్కోపు అంటే నల్లటి వలయం, మధ్యలో ప్లస్సు గుర్తు, ఆ గుర్తు కింద విలను నుదురు. హీరో పేలుస్తాడు. భుజం కదలదు, జుట్టు చెదరదు, ప్లస్సు గుర్తు మాత్రం నుదుటి మీద కుంకుమబొట్టులా అక్కడే ఉంటుంది. సీమ పేరు చెప్పి గాల్లోకి ఎన్ని సుమోలు లేచాయో లెక్కలేదు గానీ, హీరో కూర్చుని, స్కోపును తుపాకికి పట్టి ఉంచే మౌంటు స్క్రూ బిగించుకునే సీను ఒక్కటీ నా కంటపడలేదు. తన్నని తుపాకికి స్క్రూ ఎందుకు?

మన తుపాకి తన్నుతుంది. మనవాడు తెప్పించినదేమో 6-24×50 స్కోపు. ముప్పై గజాల్లో ఉన్న చిప్పను 24 రెట్లు పెద్దది చేసుకుని చూడాలట, పీచు లెక్కపెట్టడానికి గాబోలు. మామూలు 4×32 స్కోపుకు రెండింతల పైచిలుకు బరువుంటుందది. పది దెబ్బలు పడేసరికి చిప్ప ఉన్నచోటే ఉంటుంది, గుండు పక్క చేను వాళ్ళ వైపు పోతుంది.

అప్పుడు మేనమామ వస్తాడు. ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి మేనమామ ఒకడుంటాడు. బోరు మోటార్లు ఎత్తీ దించీ చేతులు రోకళ్ళలా తయారైన మనిషి. "ఏమప్పా, సత్తువ లేదా నీకు? ఇట్ల తే" అని అలెన్‌కీ లాక్కుంటాడు. దానికో చిన్న పైపు ముక్క తొడుగుతాడు. పళ్ళు బిగించి ఒక తిప్పు, ఊపిరి బిగబట్టి ఇంకో తిప్పు. కటుక్కుమని చప్పుడొస్తుంది. "ఆఁ, కూచున్యాది. ఇంగ కదిలితే నా పేరు మార్చు." కూర్చున్నది స్కోపు కాదు, అల్యూమినియం మౌంటులో తెగిన మర. మాట మీద నిలబడే మనిషైతే ఆయనకు ఈపాటికి సహస్రనామాలుండాలి.

స్కోపును చుట్టి పట్టే మౌంటు రింగు స్క్రూకు మామూలుగా కావలసింది 2 న్యూటన్ మీటర్ల లోపు బిగింపు. అంటే పది సెంటీమీటర్ల అలెన్‌కీ చివర రెండు కిలోల బరువు వేలాడదీస్తే ఎంత తిరుగుతుందో అంతే. పదేళ్ళ పిల్ల బిగించగలదు, బహుశా మామ కంటే బాగా బిగిస్తుంది కూడా. అంతకు మించితే రింగు స్కోపు గొట్టాన్ని నొక్కేస్తుంది. లోపల గురి గీతను పైకీ కిందికీ జరిపే సన్నటి గొట్టం ఇంకోటి ఉంటుంది. పై గొట్టం చొట్టపడితే అది ఇరుక్కుంటుంది. ఆ తర్వాత గుబ్బ ఎన్ని క్లిక్కులు తిప్పినా గురి ఉలకదు, పలకదు. "చైనా మాలప్పా" అని తీర్పు వెలువడుతుంది. గొట్టం మీద మామ వేలిముద్రలున్నా సరే, ముద్దాయి చైనాయే.

అసలు జారడానికి కారణం వేరే ఉంది, దాన్ని పట్టించుకునేవాడే లేడు. స్ప్రింగు ఎయిర్‌గన్‌లో తన్నేది గుండు కాదు, పిస్టను. అర గ్రాము గుండు సెకనుకు 200 మీటర్లు పోతే ఎంత ఊపో, పావు కిలో పిస్టను సెకనుకు 10 మీటర్లు పోతే దానికి పాతిక రెట్ల ఊపు. ట్రిగ్గరు నొక్కగానే స్ప్రింగు పిస్టన్ను ముందుకు తోస్తుంది, తుపాకి వెనక్కి వస్తుంది. రెప్ప పడేలోపే పిస్టను గొట్టం కొసకు చేరి నలిగిన గాలిని గుద్దుకుని ఆగుతుంది, తుపాకి ముందుకు ఉలిక్కిపడుతుంది. మొదటిది తోపు, రెండోది గుద్దు. తుపాకి ముందుకు దూకినప్పుడల్లా బరువైన స్కోపు ఉన్నచోటే ఉండబోతుంది, అంటే మౌంటు కూర్చున్న గాడి మీద వెనక్కి జారుతుంది. మందు తుపాకి వెనక్కి మాత్రమే తన్నుతుంది. దానికోసం చేసిన స్కోపు ఒకవైపు దెబ్బకే సిద్ధపడి వస్తుంది. రెండోవైపు నుంచి కూడా పడేసరికి లోపలి గీతలే తెగిపోతాయి. ఎయిర్‌గన్‌కు విడిగా స్కోపులు అమ్మేది అందుకే.

మందు తుపాకుల వాళ్ళు ఈ జారుడుకు ఎప్పుడో మందు కనిపెట్టారు. పట్టీ మీద అడ్డంగా కోతలు కోసి, మౌంటు అడుగున ఒక అడ్డకమ్మీ పెట్టి, ఆ కమ్మీని కోత ముందుగోడకు ఆనించి బిగిస్తారు. అమెరికా సైన్యం 1995లో ఆ కోతల కొలతలను పికటిన్నీ పేరుతో ఖాయం చేసింది. దెబ్బ మోసేది కమ్మీ, స్క్రూ కాదు. మన ఎయిర్‌గన్‌ల మీద ఎక్కువగా ఉండేది 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి. రెండు వైపులా నున్నగా ఉంటుంది, పైగా కంపెనీ రాసిన నూనె, దానిమీద మనవాడు ప్రేమతో పోసిన కొబ్బరినూనె. నూనె మీద ఎంత బిగించినా ఏం లాభం? స్ప్రింగు ముందు మామ కండ ఎన్ని దెబ్బలు ఆగుతుంది?

దానికీ మందు ఉంది. చాలా గాడుల వెనక భాగంలో చిన్న రంధ్రం ఉంటుంది. మౌంటు అడుగు నుంచి స్టాప్ పిన్ను ఒకటి ఆ రంధ్రంలోకి దిగాలి. పిన్నును రంధ్రం వెనకగోడకు ఆనించి, అప్పుడు బిగించాలి. ఆ పిన్ను చాలాసార్లు మౌంటు పెట్టెలోనే చిన్న కవరులో వస్తుంది. కవరు చించి చూసి, "ఇదేదో ఎక్స్‌ట్రా" అని పారేస్తారు.

పిన్ను పారేసినవాళ్ళు రకరకాల శాఖలుగా చీలారు. సైకిలు ట్యూబు శాఖ రింగు కింద రబ్బరు పెడుతుంది. రబ్బరు నలుగుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది, స్కోపు రోజుకో దిక్కు చూస్తుంది. రాగితీగ శాఖ చుట్టడంలోనే తృప్తి పొందుతుంది. అన్నిటికంటే ఉద్ధండులు ఎం-సీల్ శాఖీయులు. మౌంటూ గాడీ కలిపి ముద్ద పూసేస్తారు. గచ్చులా బిగిసిపోతుంది, నిజమే. స్కోపు వంకరగా ఉండగా పూశారని రెండోరోజు తెలుస్తుంది. రింగుల మధ్య 100 మి.మీ. ఎడం ఉన్నప్పుడు ఒక రింగు 0.1 మి.మీ. లేస్తే, అంటే ఒక కాగితం మందమంత, 30 మీటర్ల దగ్గర గురి 3 సెంటీమీటర్లు తప్పుతుంది. ముద్ద కింద ఎన్ని కాగితాలున్నాయో పూసినవాడికైనా తెలుసా?

జారుడు నల్లమాడకు కొత్త కాదు. ఒకప్పుడు ఇది శాసనసభ నియోజకవర్గం. పునర్విభజన తన్నుకు 2009 ఎన్నికల నాటికి ఆ పేరు జారి పుట్టపర్తి దగ్గర ఆగింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాయే అనంతపురం నుంచి జారి శ్రీసత్యసాయి జిల్లాగా కూర్చుంది. ఊరు కదల్లేదు, మీద బిగించినవన్నీ కదిలాయి. ఇంత చూసినవాళ్ళకు స్టాప్ పిన్ను విలువ ఇంకొకరు చెప్పాలా!

విసిగిన వర్గం ఇంకోటి కూడా ఉంది. "స్కోపే దండగప్పా, గగన్ నారంగ్‌కు యాడిదీ స్కోపు?" అంటుంది. హైదరాబాద్‌లో పెరిగిన నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో టెలిస్కోపు పెట్టనివ్వరన్నదీ నిజమే. చిల్లు వెనక కన్ను పెట్టి, అర మిల్లీమీటరు చుక్కను కొట్టాలి. కానీ ఆయన రైఫిల్లో స్ప్రింగు లేదు, ముందే నింపుకున్న గాలి ఉంటుంది, అది తన్నీ తన్నకుండా ఊరుకుంటుంది. ఆయన్ని మన గట్టు మీదికి తెచ్చి, మామ బిగించిన తుపాకి చేతిలో పెడితే ఏం కొడతాడో నేను చెప్పను.

గాడినీ మరలనూ థిన్నరుతో తుడిచి నూనె పోగొట్టడం, నాలుగు స్క్రూలనూ ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుతూ రింగు రెండు వైపులా సందు సమానంగా ఉంచడం, చివర రింగు మీదా గొట్టం మీదా కలిపి ఒక సన్నటి తెల్లగీత గీయడం, పిన్ను కాకుండా మిగిలింది ఇంతే పని. గీత రెండు ముక్కలైతే రింగులో గొట్టం జారింది, కాకపోతే లేదు. ఇందులో కండకు పనిలేదు కాబట్టి చూసేవాళ్ళకు ఇదొక పనిలానే కనబడదు.

మౌంటు పెట్టె ఇంకా పారేయనివాళ్ళు థర్మోకోల్ కింద ఒకసారి వెతుక్కోండి. పారేసినవాళ్ళు విడిగా అమ్మే స్టాప్ బ్లాకు కొనుక్కుని వెనక మౌంటుకు ఆనించి పెట్టుకోండి. దానికీ స్క్రూలుంటాయి. అది బిగించేటప్పుడు మామను బోరు దగ్గరికి పంపండి.