దుప్పటి గుడ్డకు దేశాటన

చీరాల మగ్గం దిగినప్పుడు నేను దుప్పటిని. గుంటూరు బ్రాడీపేటలో ఓ పందిరి మంచం మీద చాలా ఏళ్లు పరుచుకున్నాక నడుమ చిరుగు పట్టింది. పారేయడానికి ఆ ఇంటావిడకు మనసొప్పలేదు. గట్టిగా ఉన్న అంచుల వైపు కత్తిరించి, వాళ్లాయన పాత ప్యాంటు గుడ్డతో పట్టీలు వేసి, మిషన్ మీద సంచిగా కుట్టేసింది. అప్పట్నుంచి కూరలబండి, మందులషాపు, పాల పాకెట్లు, ఇవే నా తిరుగుళ్లు. మా పేటలో లైను నెంబరు, అడ్డరోడ్డు నెంబరు చెబితే చాలు, ఎవరిల్లయినా దొరుకుతుంది. ఆ నెంబర్లు దాటి అవతల లోకం ఉందని నాకు తెలీదు.

కూతురుకి బ్యాంకాక్‌లో ఉద్యోగం. పిల్లను చూడ్డానికి బయల్దేరుతూ ఆవిడ ఆవకాయ సీసా కారకుండా కవర్లు చుట్టి, కవర్ల మీద నన్ను చుట్టి సూట్‌కేసులో కుక్కింది. కారనే కారింది. ఆ నూనె మరక నా ఎడమ పక్కన ఇప్పటికీ ఉంది. విమానం ఎలా ఉంటుందని నన్నడక్కండి.

ఆయన మిర్చియార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా, ఆవిడ హిస్టరీ టీచరు, ఇద్దరూ రిటైరయ్యారు. బ్యాంకాక్‌లో మాల్స్ చూసి చూసి విసుగెత్తి, ఒకరోజు ఆవిడ అయుత్థయ పోదామంది. కూతురు కారు మాట్లాడతానంటే, "రైలుండగా కారెందుకే?" అన్నాడాయన. హువాలంపోంగ్ స్టేషన్‌లో మూడో తరగతి టికెట్టు చాలా చవక. రూపాయల్లో లెక్కేసుకుని ఆయన మొహం వెలిగిపోయింది. నాలో పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసా, బీపీ మాత్రలు, పాస్‌పోర్టులు.

ఊరు చుట్టూ చావో ఫ్రయా, పాసక్, లోప్‌బురి, మూడు నదులు తిరిగి ఊరినో దీవి చేశాయి. స్టేషన్ దగ్గర పాసక్‌ను పడవలో దాటి, అవతల గట్టున కప్ప మొహం ఉన్న తుక్‌తుక్ ఒకటి రోజుకు మాట్లాడుకున్నారు. బేరమంతా కాలిక్యులేటర్ మీదే. అతనో అంకె కొట్టి చూపిస్తే, ఈయన దాన్ని చెరిపేసి ఇంకో అంకె కొట్టేవాడు. యార్డులో బతికిన మనిషి, మూడోవంతు తగ్గించాడు.

14వ శతాబ్దం నడిమి నుంచి నాలుగు వందల ఏళ్లకు పైగా అయుత్థయ సయాం, అంటే ఇప్పటి థాయిలాండు, రాజధాని. 1767లో బర్మా సైన్యం తగలబెట్టింది. మిగిలినవి ఇటుక గోపురాలు, తలల్లేని బుద్ధ విగ్రహాలు. వాట్ మహాథాట్‌లో రావిచెట్టు వేళ్ల మధ్య ఇరుక్కున్న బుద్ధుడి తలను చూడ్డానికే అందరూ వస్తారు. అక్కడ ఫొటో దిగాలంటే ఆ తల కంటే కిందికి కూర్చోవాలి. నిలబడితే కాపలా మనిషి ఊరుకోడు. మోకాళ్ల నొప్పులతో ఆయన నా మీద చెయ్యి ఆనించి కూలబడ్డాడు. పులిహోర డబ్బా మూత ఊడింది.

"మిగతా తలలన్నీ ఏమయ్యాయోయ్ టీచరమ్మా?"

"యుద్ధంలో పోయినవి కొన్ని, దొంగలు అమ్ముకున్నవి కొన్ని. మన అమరావతి రాళ్లు లండన్లో లేవుటండీ?"

ఆయన మరి మాట్లాడలేదు.

వాట్ ఫ్రా సీ సన్‌ఫేట్ రాజుల అస్థికలున్న గుడి. మూడు పెద్ద స్తూపాలు వరసగా ఉంటాయి. బంగారు తాపడం చేసిన 16 మీటర్ల బుద్ధుడు ఒకప్పుడు అక్కడ నిలబడి ఉండేవాడట. ఆ బంగారాన్ని బర్మా సైన్యం కరిగించి పట్టుకుపోయింది. ఎండకు ఇద్దరూ అక్కడ ఎక్కువసేపు నిలవలేకపోయారు.

మధ్యాహ్నం బజారులో ఎండుమిరపకాయల రాశి కనబడగానే ఆయన నన్ను ఆవిడ చేతికిచ్చేశాడు. ఒక కాయ తీశాడు. తొడిమ పట్టుకుని తిప్పి చూశాడు, విరిచాడు, గింజలు అరచేతిలో రాల్చాడు, వాసన చూశాడు. "తేజ. మనదే!" అని ప్రకటించాడు. గుంటూరు నుంచి తేజ కాయ థాయిలాండుకు ఎగుమతయ్యే మాట నిజమే గానీ, ఆ రాశి మనదో కాదో ఆ కొట్టామె చెప్పలేదు, ఆయన అడగలేదు. నాలుగు తాలు కాయలు ఏరి పక్కన పెట్టి, వద్దంటున్నా వినకుండా ఆమెకు రాశి సర్ది ఇచ్చాడు. ఆమె నవ్వి రోటీ సాయిమాయ్ పెట్టింది. పీచుమిఠాయిని పల్చటి రొట్టెలో చుట్టి తినడమన్నమాట. చక్కెర ఉందని ఆవిడ సగమే తిననిచ్చింది.

ఇక నా సంగతి. నది అవతల వాట్ చైవత్థనారామ్ అని 1630లో కట్టిన గుడి. అక్కడ ఆడపిల్లలు పాతకాలపు బట్టలు అద్దెకు కట్టుకుని ఫొటోలు దిగుతారు. కింద గోచీ పోసిన పూల అంచు బట్ట, పైన జారుగా వేసిన కండువా. గట్టు మీద పులిహోర తింటూ ఆవిడ చెప్పిన కథ విన్నాకే నా పుట్టుక నాకు తెలిసింది.

1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మన నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చింది. ఆ వర్తకులు ఆ రేవుల్లో బట్టలు కొని, 1612లో పటాని మీదుగా అయుత్థయ చేరి, ఇంగ్లండు రాజు జేమ్స్ ఉత్తరం సయాం రాజుకిచ్చారు. వాళ్లు కొత్త దారేమీ కనిపెట్టలేదు. అంతకు ముందే మచిలీపట్నం ఓడలు సముద్రం దాటి తెనాసరిం తీరానికి సరుకు చేర్చేవి. అక్కడ్నుంచి నేలదారిన ఈ ఊరికి వచ్చేది. సయాం దర్బారు వాళ్లు తమకు కావలసిన నమూనాలు పంపితే, మన తీరంలో చిరివేరు ఎరుపుతో అద్ది పంపేవారు. రాజు ఆ బట్టల్ని హోదాను బట్టి ఉద్యోగులకు ఇచ్చేవాడు. అంటే చీరాల పక్క రేవు నుంచి నా ముత్తాతల తరం బట్టలు వచ్చి ఈ ఊరి పెద్దల నడుముకు చుట్టుకున్నాయి. వాళ్ల మునిమనవరాలిని నేను, ఆవకాయ మరకతో వచ్చాను. సిగ్గేమీ పడలేదు. దర్బారు బట్టకు పులిహోర మోసే యోగం ఎక్కడిది?

సాయంత్రం స్టేషన్‌కు పోతూ పోతూ వాట్ ఫనన్ చెంగ్. 1324 నాటిది, ఊరి కంటే ముందే పుట్టిన గుడి. 19 మీటర్ల కూర్చున్న బుద్ధుడు. భక్తులు కాషాయ వస్త్రాలు సమర్పిస్తే, పైనున్న మనుషులు వాటిని అందుకుని స్వామి భుజాల మీద కప్పుతారు. కాసేపటికి ఆ గుడ్డ కొంగును కింద కూర్చున్నవాళ్ల తలల మీదికి జారవిడుస్తారు. వీళ్లిద్దరి మీదా పడింది, ఒళ్లో ఉన్న నా మీదా పడింది. కొత్త నూలు, ఇంకా గంజి వాసన. "ఏమండీ, కళ్లజోడు జాగ్రత్త" అంటోంది ఆవిడ లోపల్నుంచి.

ఇంటికొచ్చాక ఆయన అందరికీ తేజ కాయల కథే చెబుతున్నాడు. నిజాంపట్నం మాత్రం వాళ్లిద్దరూ ఇంతవరకూ చూడలేదు. మీరైనా అయుత్థయకు టికెట్లు కొనేముందు ఓ ఆదివారం గుంటూరులో రేపల్లె రైలెక్కి, అక్కడ బస్సు పట్టుకుని ఆ రేవు చూసి రండి. ఇప్పుడది చేపల రేవు. రొయ్యలు కొనేటట్టయితే గుడ్డసంచి వద్దు, ఆ వాసన ఎన్ని ఉతుకులకూ వదలదు.