‘గుడ్’ అంటే గుండె గుభేల్

ఏప్రిల్ రెండో వారంలో ఢిల్లీ సెంట్రల్ సెక్రటేరియట్ చుట్టుపక్కల భవనాల్లో సాహిత్య సృష్టి జోరుగా సాగుతుంది. ఏడాది పొడుగునా ‘పై విషయమై తగు చర్య నిమిత్తం’ తప్ప మరో వాక్యం రాయనివాళ్లు కూడా ఆ వారం ఆత్మకథలకు దిగుతారు. 15వ తేదీలోగా ఎవరి గొప్ప వాళ్లు రాసుకుని ‘స్పారో’ పోర్టల్‌లో ఎక్కించాలి మరి. వెనకటికి ఈ వార్షిక పనితీరు నివేదికను ఏసీఆర్ అనేవారు. చెడ్డగా రాస్తే తప్ప, పైవాడు ఏం రాశాడో కిందివాడికి తెలిసేది కాదు. 2009లో పేరు మార్చి ఏపీఏఆర్ అన్నారు, ఉద్యోగికి చూపించి తీరాలన్నారు.

ఆ మార్పు ఊరికే రాలేదు. బోర్డర్ రోడ్స్ ఇంజినీరు దేవ్ దత్ గురించి 1993-94లో పైఅధికారి ‘గుడ్’ అని రాశారు. మనకైతే సంతోషమే. కానీ ఆయన సూపరింటెండింగ్ ఇంజినీరు కావాలంటే వరసగా ఐదేళ్లూ ‘వెరీ గుడ్’ ఉండాలట. ఆ ఒక్క ‘గుడ్’ అడ్డం పడి పదోన్నతి పోయింది. ఆ ముక్క ఆయన చెవిన వేసిన పాపాన ఎవరూ పోలేదు. కోర్టులు తిరగ్గా తిరగ్గా 2008 మే 12న సుప్రీంకోర్టు తేల్చింది: ఏ గ్రేడు ఇచ్చినా ఉద్యోగికి చెప్పాల్సిందే, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాల్సిందే. అప్పటికే ఆయన రిటైరయ్యారు.

తీర్పు న్యాయమైనదే. దాన్ని మన కార్యాలయాలు అర్థం చేసుకున్న తీరే వేరు. రాసింది కిందివాడు చదువుతాడని తెలిశాక నిజం రాసి తగువు కొని తెచ్చుకునేదెవరు? పదికి ఇన్ని మార్కులని వేస్తారు కదా, అందులో 4 నుంచి ‘గుడ్’, 6 నుంచి ‘వెరీ గుడ్’, 8 నుంచి ‘అవుట్‌స్టాండింగ్’. 9, 10 వేస్తే ఫలానా ఘనకార్యం చేశాడని కారణం చూపాలి. 1, 2 వేసినా ఫలానా వైఫల్యమని రాయాలి. కారణాలు వెతికే తీరిక లేని బాసుకి 8.9 అనే అంకె దేవుడిచ్చిన వరం.

అలాంటి బాసు దగ్గర పనిచేసే మన తెలుగు సెక్షన్ ఆఫీసరు ఒకాయన ఆర్కే పురం క్వార్టర్ నుంచి రాత్రి పదకొండింటికి నాకు ఫోను చేశాడు.

“గురూ, నా గురించి మా సారు రాయాల్సిన నాలుగు మాటలు నన్నే రాసి పంపమన్నాడు. ‘నిజాయతీపరుడు, కష్టజీవి’ వరకూ వచ్చాను. ఆపైన ఏం రాయను?”

“వినయశీలి అని రాసుకో.”

“నా గురించి నేనే రాసుకుంటే బావుంటుందా?”

“రాసేది నువ్వైనా సంతకం ఆయనది కదయ్యా!”

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదన్నారు పెద్దలు. వడ్డించేవాడు గరిటె మన చేతికే ఇచ్చేస్తాడని వాళ్లు ఊహించి ఉండరు.

అందరికీ ‘వెరీ గుడ్’ వచ్చేస్తుంటే ప్రభుత్వం ఏం చేసింది? 2016లో ఏడో వేతన సంఘం మాట విని, పదోన్నతి లేనివాళ్లకు పదేళ్లకోసారి ఇచ్చే పైమెట్టు జీతానికి (ఎంఏసీపీ) కూడా ‘వెరీ గుడ్’ ఉండాల్సిందేనంది. గీత పైకి జరిపారు, మార్కులూ దాని వెంటే పైకి జరిగాయి. ఫైలు మాత్రం ఉన్నచోటే ఉంది.

మెట్రో ఎక్కి గుర్‌గావ్‌లో దిగితే కథ తిరగబడుతుంది. అక్కడి ప్రైవేటు కంపెనీల్లో అందరూ బాగా పనిచేసినా కొందరు పనికిరానివాళ్లు కావలసిందే. బెల్ కర్వ్ ఒప్పుకోదు! పై 20 శాతానికి పూలదండ, అడుగు 10 శాతానికి బయటి దారి అన్నది జనరల్ ఎలక్ట్రిక్ ఒకప్పటి అధిపతి జాక్ వెల్చ్ సూత్రం. 1990లలో ఆ కంపెనీ గుర్‌గావ్‌లో అడుగుపెట్టింది. తర్వాత్తర్వాత ఆ కంపెనీయే ఆ సూత్రాన్ని వదిలేసింది. మనవాళ్లు వదిలితేనా! ఇంక్రిమెంటు ఎంతో ముందే ఖాయం చేసి, ఆనక మేనేజరు పిల్చి ‘ఈ ఏడాది నీ పని గురించి మాట్లాడుకుందాం’ అంటాడు.

ఇంతకన్నా రైల్ భవన్ పద్ధతే నయమనిపిస్తుంది నాకు. 1979-80 నుంచి రైల్వేలో ఉత్పాదకత ఆధారిత బోనస్ ఉంది. దసరా ముందు ప్రకటిస్తారు. దశాబ్దం దాటింది, ఏటా 78 రోజుల జీతమే. 2020 మార్చిలో కరోనాతో ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయాయి, 2020-21కీ 78 రోజులే! ఉత్పాదకత ఏ పట్టాల మీద నడిచిందో అడక్కండి. నేనైతే ఇవ్వొద్దనను. ఆ రోజుల్లో సరుకు రైళ్లు నడిపిందీ, ఎర్రటి ఎండలో పట్టాలు చూసిందీ వాళ్లే. పండగ పూట గ్యాంగ్‌మన్‌కి ఇచ్చేదాన్ని పండగ బోనస్ అనడానికి సిగ్గెందుకన్నదే నా గొడవ.

అసలు కిటుకు మరోచోట ఉంది. 78 రోజుల జీతమంటే నిజంగా వాళ్ల జీతం కాదు. నెలకి 7,000 అనుకుని లెక్క కడతారు, అందుకే ఎంత చాకిరీ చేసినా 17,951 రూపాయలు దాటదు. మిగతా చాలా శాఖల్లో చిరుద్యోగులకిచ్చే 30 రోజుల బోనస్‌కీ ఇదే కొలత, చేతికొచ్చేది 6,908. ఈ 7,000 పరిమితి 2014 నాటిది. 2016 నుంచి కేంద్రంలో కనీస మూలవేతనమే 18,000.

ఎనిమిదో వేతన సంఘం అధ్యక్షురాలు జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ గారికి ఒక్క విన్నపం. పనిని కొలిచే కొత్త ఫారం మరొకటి కనిపెట్టకండి, ఉన్నవాటికే మా దగ్గర రచయితలు చాలడం లేదు. ముందు ఆ 7,000 సంగతి చూడండి.