నలుగురికీ నచ్చాలిగా!

మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్. కెనడాలో ఆ పేరు చెబితే, గడ్డి మీద ఆడతారే అదా అని మర్యాదగా నవ్వుతారు. ఇక్కడ హాకీ అంటే కాళ్ళకు కత్తులు తొడుక్కుని మంచు మీద ముందుపళ్ళు రాలగొట్టుకునేదే. అది ఆడాలంటే చిన్నప్పుడే తెల్లవారుజామున నిద్రలేపి రింకుకు తీసుకెళ్ళే అమ్మానాన్నలుండాలి. కిట్లకు వేలకు వేలు పొయ్యాలి. ముప్ఫయ్యో ఏట వీసా పట్టుకుని దిగినవాళ్ళకు ఆ యోగం ఎక్కడిది? అందుకే ఫాంటసీ హాకీ. సోఫా, ఫోను, ఇరవై డాలర్ల ఫీజు, పక్కవాడి మీద కాస్త అసూయ ఉంటే చాలు. చివరిది ఎవరింటి నుంచి వాళ్ళే తెచ్చుకోవాలి.

తెలియనివారికి రెండు ముక్కల్లో చెప్తాను. సీజన్ ముందు పన్నెండు మంది కూర్చుని ఇక్కడి ప్రొఫెషనల్ మంచు హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళను వంతులవారీగా పంచుకుంటారు. వాళ్ళు అసలు మ్యాచ్‌లో కొట్టిన గోల్, అందించిన అసిస్ట్, గోలీ ఆపిన షాట్ అన్నీ మన ఖాతాలో పడతాయి. ఒక్క రాత్రితో తేలిపోయే డ్రీమ్ ఎలెవన్ కాదిది, ఏప్రిల్ దాకా లాగుతుంది. ఈలోగా నీ ఆటగాణ్ణి నాకిచ్చి నావాణ్ణి నువ్వు తీసుకోవచ్చు. అది ట్రేడ్. ఇద్దరూ ఒప్పుకున్నాక రెండు రోజులు పెండింగ్‌లో పెడతారు. ఆ రెండు రోజుల్లో మిగతా పది మందిలో నలుగురు వీటో నొక్కితే ఇక అంతే సంగతులు.

భద్రతామండలిలో వీటో ఉన్న దేశాలు ఐదే. మన దేశం ఎన్నేళ్ళుగా శాశ్వత సభ్యత్వం అడుగుతున్నా ఇవ్వలేదు. టొరంటో పక్కన మా మిసిసాగాలో ఇరవై డాలర్లు కట్టిన ప్రతివాడికీ ఇచ్చేశారు.

మాది ఆఫీసు లీగ్. సగానికి పైగా తెలుగువాళ్ళం, మిగతావాళ్ళు నడక కంటే ముందు స్కేటింగ్ నేర్చినవాళ్ళు. జీతాల విభాగంలో పనిచేసే కాకినాడ ఆయన లీగ్‌కు కమిషనర్. పదవిలోకి వచ్చినప్పటి నుంచీ ఆయన్ను ‘కమిషనర్ గారూ’ అని పిలవకపోతే పలకడం లేదు.

2024 అక్టోబర్‌లో ఒక ట్రేడ్ పడింది. మా గుంటూరు అన్న టొరంటో మేపుల్ లీఫ్స్ కెప్టెన్ ఆస్టన్ మాథ్యూస్‌ను ఇచ్చి, విన్నిపెగ్ జెట్స్ గోలీ కానర్ హెలెబక్‌ను తీసుకున్నాడు. ఒకరికి ఒకరు, పైసా పైన లేదు. మాథ్యూస్ అంతకు ముందు సీజన్‌లో 69 గోల్స్ కొట్టినవాడు. హెలెబక్ అదే సీజన్‌లో ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ కొట్టినవాడు. అన్న దగ్గర గోల్స్ కొట్టేవాళ్ళు దండిగా ఉన్నారు, గోలీ లేడు. అవతల సడ్బరీ కుర్రాడి దగ్గర మంచి గోలీలు ఇద్దరున్నారు, గోల్ కొట్టే నాథుడు లేడు. ఇద్దరి కొరతా తీరింది. ఇద్దరూ సంతోషంగా కనిపించారు. అక్కడే వచ్చింది చిక్కు.

1967 తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు మొహం చూడని టొరంటో మాది. అలాంటి ఊళ్ళో మాథ్యూస్‌ను బేరానికి పెట్టారని నోటిఫికేషన్ వచ్చేసరికి గ్రూపు భగ్గుమంది.

“ఏందన్నా ఇది? 69 గోల్స్ కొట్టినోణ్ణి గోలీకి ఇచ్చేస్తావా? నిన్ను నిలువునా ముంచిండు” అన్నాడు హన్మకొండ తమ్ముడు.

“నన్నెవరూ ముంచలేదు తమ్ముడూ. నాకు గోలీ కావాలి, తీసుకున్నా.”

“నీకు తెలుస్తలేదన్నా. గట్ల తెలియకుండా చేసుడే ముంచుడంటే.”

మొదటి వీటో అలా పడింది, అన్న మీద ప్రేమతో. రెండో వీటో అకౌంట్స్ పెద్దాయనది. ఆయనకు జాలి కలిగింది అవతలివాడి మీద. “వెజినా గోలీని మణికట్టుకు ఆపరేషన్ అయినవాడికి మార్చుకుంటాడా? పాపం పిల్లాడికి ఆట తెలియదు.” పిల్లాడు పుట్టింది సడ్బరీలో. వాళ్ళ నాన్న జూనియర్ జట్టుకు కోచ్. పెద్దాయన మొదటిసారి రింకు చూసింది కంపెనీ పిక్నిక్‌లో. ఆ రోజంతా గోడ పట్టుకునే ఉన్నారు.

మూడో వీటో వేసినాయన, అంతకు వారం ముందే హెలెబక్ కోసం బేరానికి వెళ్ళి, బదులుగా ఇద్దరు మూడో లైన్ ఆటగాళ్ళను చూపించి, లేదనిపించుకుని వచ్చినవాడు. ఆయన గ్రూపులో ‘మార్కెట్ విలువ’ గురించి ఎక్సెల్ షీట్ పెట్టాడు. నాలుగో ఆయనకు ట్రేడ్ ఏమిటో తెలియదు. యాప్ మీద ఎర్ర చుక్క పోవడం లేదని ఏదో ఒకటి నొక్కాడు. పోయింది. చుక్కతోపాటు ట్రేడూ పోయింది.

దోపిడీ జరిగిందని నలుగురూ తీర్మానించారు. ఎవరు ఎవర్ని దోచారన్నది మాత్రం తేలలేదు. ఒక ఓటు ప్రకారం దొంగ సడ్బరీ కుర్రాడు, ఇంకో ఓటు ప్రకారం గుంటూరు అన్న. కోర్టులో అయితే ఇలాంటి సాక్షులిద్దర్నీ చూసి జడ్జిగారు కేసు కొట్టేస్తారు. యాప్ మాత్రం ఇద్దర్నీ కలిపి కూడింది. దానికి లెక్క వచ్చు, కారణం అడగడం రాదు.

ఆ సీజన్ ఎలా ముగిసిందో హాకీ చూసేవాళ్ళకు తెలుసు. హెలెబక్ 47 మ్యాచ్‌లు గెలిచాడు. మళ్ళీ వెజినా, పైగా లీగ్ మొత్తానికే విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ. 2015లో కేరీ ప్రైస్ తర్వాత ఆ ట్రోఫీ ఎత్తిన గోలీ ఇతనే. మాథ్యూస్ గాయాలతో వేగి 33 గోల్స్ దగ్గర ఆగాడు. నలుగురు కలిసి దోపిడీ నుంచి కాపాడిన మా అన్న, గోలీ లేకుండానే ఏప్రిల్ దాకా ఈదాడు. ఆట తెలియని పిల్లాడు లీగ్ గెలిచాడు. బహుమతి డబ్బు తీసుకుంటూ, తన గోలీని తన దగ్గరే ఉంచినందుకు నలుగురికీ పేరుపేరునా థ్యాంక్స్ చెప్పాడు. అకౌంట్స్ పెద్దాయన తల పంకించి స్వీకరించారు కూడా.

ఇలా జరిగిందని వీటో వేసినవాళ్ళను తెలివితక్కువవాళ్ళు అనడం అన్యాయం. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. పన్నెండు మందిలో ఇద్దరు బాగుపడితే పది మంది వెనకబడినట్టే. పచ్చి అన్యాయమైన ట్రేడ్ అయితే ఒకడు లేస్తాడు, ఒకడు మునుగుతాడు, మనకు పీడ సగమే. ఇద్దరికీ పనికొచ్చే ట్రేడే అసలు ప్రమాదం. కాబట్టి న్యాయాన్ని కాపాడమని ఓటు ఇచ్చిన పది మందికీ, న్యాయమైన ట్రేడ్‌ను చంపడంలోనే లాభం. మన ఊళ్ళో ఒక రైతు రెండెకరాలు అమ్ముకోవడానికి రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళితే, గట్టు పక్కవాళ్ళను పది మందిని నిలబెట్టి ‘ఈ ధర మీకు సమ్మతమేనా’ అని అడిగితే ఎలా ఉంటుంది? ఆ పది మందిలో సగం మంది అదే పొలం మీద కన్నేసినవాళ్ళాయె.

అసలు హాకీలో ఈ ఓటింగ్ గొడవ లేదు. ఎన్‌హెచ్‌ఎల్ ఆఫీసు కాంట్రాక్టు కాగితాలు, జీతాల పరిమితి సరిచూస్తుంది. ఎవరు మునిగారని అడగదు. అక్కడ వీటో ఉండేది, కాంట్రాక్టులో ఆ షరతు రాయించుకున్న ఆటగాడికే. 2009లో ఆటవా జట్టు డేనీ హీట్లీని ఎడ్మంటన్‌కు పంపడానికి అంతా మాట్లాడుకుంది. నేను రానన్నాడాయన. రాలేదు. మా లీగ్‌లో ఆటగాడికి తప్ప మిగతా అందరికీ వీటో ఉంది.

1993లో విన్నిపెగ్ వాళ్ళు క్రిస్ డ్రేపర్ అనే ఆటగాణ్ణి డెట్రాయిట్‌కు ఒక్క డాలర్‌కు అమ్మారు. ఒకే ఒక్క డాలర్. టిమ్ హార్టన్స్‌లో కాఫీ కూడా రాని డబ్బు. ఆయన డెట్రాయిట్‌లో నాలుగు స్టాన్లీ కప్పులు ఎత్తాడు. అదే మా లీగ్‌లో జరిగి ఉంటే కమిషనర్ గారి రాజీనామా కోరుతూ రిలే నిరాహార దీక్షలు మొదలయ్యేవి. కొందరు పార్లమెంటు దాకా పోయేవారు.

నవ్వకండి. పార్లమెంటు సభ్యుడి దాకా పోయిన ట్రేడ్ నిజంగానే ఉంది. 1988 ఆగస్టు 9న ఎడ్మంటన్ ఆయిలర్స్ వేన్ గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలెస్ కింగ్స్‌కు ఇచ్చేసింది. బదులుగా ఇద్దరు కుర్ర ఆటగాళ్ళు, మూడు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లు, కోటిన్నర డాలర్లు. నాలుగు కప్పులు తెచ్చినవాణ్ణి అమెరికాకు అమ్మేస్తారా అని దేశం గొల్లుమంది. ఎడ్మంటన్‌లో ఓనర్ పీటర్ పాక్లింగ్టన్ దిష్టిబొమ్మ తగలబెట్టారు. ఎన్‌డీపీ ఎంపీ నెల్సన్ రీస్ ఈ ట్రేడ్‌ను ప్రభుత్వం అడ్డుకోవాలని డిమాండ్ చేశాడు. ఆయన మా లీగ్‌లో ఉండాల్సిన మనిషి. ప్రభుత్వం అడ్డుకోలేదు. నిలువునా మునిగిపోయిందన్న ఎడ్మంటన్ 1990లో గ్రెట్జ్‌కీ లేకుండానే మళ్ళీ కప్పు గెలిచింది. దోచుకుపోయిందన్న లాస్ ఏంజెలెస్ గ్రెట్జ్‌కీ ఉన్నంతకాలం ఒక్కటీ గెలవలేదు. 1993లో ఫైనల్ దాకా వెళ్ళి మాంట్రియల్ చేతిలో ఓడింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా కెనడా జట్టేదీ కప్పు తేలేదు. దానికి మాత్రం ఎవరి మీద వీటో వెయ్యాలో మావాళ్ళకు తోచడం లేదు.

ఒక ట్రేడ్ నిజంగానే తీర్పుకు వెళ్ళింది. 1992లో క్విబెక్ నార్డిక్స్ జట్టు ఎరిక్ లిండ్రోస్ అనే ఆటగాణ్ణి ఫిలడెల్ఫియాకూ అమ్మింది, న్యూయార్క్ రేంజర్స్‌కూ అమ్మింది. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మే విద్య హైదరాబాద్ శివార్లలోనే ఉందనుకునేవాళ్ళు గమనించగలరు. మధ్యవర్తిగా టొరంటో లాయరు లారీ బెర్టుజ్జిని పెట్టారు. ఆయన రోజుల తరబడి సాక్ష్యాలు విని చూసింది ఒక్కటే: ముందు ఎవరితో బేరం కుదిరింది? ఫిలడెల్ఫియాతో. అయితే వాళ్ళదే, పొమ్మన్నాడు. బేరం న్యాయంగా ఉందా, ఎవరికి ఎక్కువ ముట్టింది అన్న జోలికే పోలేదు. ఫిలడెల్ఫియా కేసు గెలిచి సంబరం చేసుకుంది. లిండ్రోస్ కోసం వాళ్ళు ధారపోసినవాళ్ళలో పీటర్ ఫోర్స్‌బర్గ్ అనే స్వీడన్ కుర్రాడున్నాడు. నార్డిక్స్ 1995లో కొలరాడోకు మకాం మార్చి, అతనితో 1996లో, 2001లో కప్పు గెలిచింది. లిండ్రోస్ ఒక్కసారే ఫైనల్ చూశాడు. 1997లో వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిపోయాడు. ఓడించిన డెట్రాయిట్ జట్టులో మన ఒక్క డాలర్ డ్రేపర్ ఉన్నాడు.

జీతం తీసుకునే మేనేజర్లు, స్కౌట్లు, లాయర్లు ఉన్నచోటే ట్రేడ్ మంచిదో కాదో తేలడానికి ఏళ్ళు పట్టింది. మావాళ్ళు లంచ్ టైములో పెరుగన్నం కలుపుకుంటూ ఎడమ చేత్తో తేలుస్తారు.

వీటో అసలు వద్దని కాదు. ఇద్దరు కుమ్మక్కైతే ఆపాల్సిందే, దాని కోసమే అది పుట్టింది. అది మా లీగ్‌లోనూ జరిగింది. మాలో ఒక బావ, బావమరిది ఉన్నారు. జనవరికి బావ జట్టు పన్నెండో స్థానంలో ఉంది, ఇక లేచే ఆశ లేదు. సంక్రాంతి సంబరాల వారాంతంలో శుక్రవారం రాత్రి పదకొండు గంటలకు బావ తన లియాన్ డ్రైసైటల్‌ను బావమరిదికి ఇచ్చేశాడు. ఆ సీజన్‌లో 52 గోల్స్ కొట్టి అందరికంటే పైన నిలిచినవాడు డ్రైసైటల్. బదులుగా తీసుకున్నది మోకాలి ఆపరేషనై ఇంట్లో కూర్చున్న నాలుగో లైన్ ఆటగాణ్ణి. శనివారం తెలుగువాళ్ళందరం కమ్యూనిటీ హాల్లో పులిహోర లైన్లో ఉన్నాం. కెనడావాళ్ళు స్కీయింగ్‌కు పోయారు. ఆదివారం రాత్రి గడువు ముగిసింది. ఒక్క వీటో పడలేదు. సోమవారం గ్రూపులో ఎవరో అడిగితే, “మా అక్క కళ్ళు చెమర్చాయండీ, మా ఇంటి విషయం” అన్నాడు బావమరిది. ఇంటి విషయం అనేసరికి కమిషనర్ గారు కూడా తగ్గారు.

ఈ రెండు ఘటనల తర్వాత ఆయన ఒక సంస్కరణ తెచ్చారు. ఇకపై వీటో నొక్కేవాళ్ళు కారణం కూడా రాసి పంపాలి. పేరు బయటపెట్టరు, కారణం మాత్రం గ్రూపులో పెడతారు. ఊరికే నొక్కేవాళ్ళు సిగ్గుపడి మానేస్తారని ఆయన ఆశ. మొదటి నెల్లోనే నిర్మాణాత్మకమైన సూచనలు వచ్చాయి. ‘నన్ను అడగలేదు.’ ‘ఇద్దరూ కలిసి కాఫీకి వెళ్ళడం చూశాను.’ ‘మా ఆవిడ పొరపాటున నొక్కింది, కానీ ఆలోచిస్తే కరెక్టే.’ కమిషనర్ గారు అన్నీ ఓపిగ్గా ఫైలు చేశారు.

తర్వాతి సీజన్ నవంబర్‌లో మళ్ళీ ఒక ట్రేడ్ పడింది. ఒక డిఫెన్స్‌మన్‌కు ఒక వింగర్. ఇద్దరి అవసరాలూ అచ్చం సరిపోయాయి, ఎక్సెల్ షీటాయన కూడా తప్పు పట్టలేకపోయాడు. రెండో రోజు సాయంత్రం నాలుగో వీటో పడింది. కమిషనర్ గారు నియమం ప్రకారం దాని కారణం గ్రూపులో పెట్టారు: ‘ట్రేడ్ బాగుంది. అందుకే.’