ఏకాంతానికి క్యూ

పాడేరు దగ్గరి వంజంగి కొండ గురించి రీళ్లన్నీ చెప్పేది ఒకటే: ‘ఎవరికీ తెలియని చోటు, ఎవరికీ చెప్పకండి!’ ఆ గుట్టు ఎంత భద్రంగా ఉందంటే, చలికాలం శనివారం రాత్రయితే చాలు, ఘాట్‌రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. తెల్లవారుజామున సెల్ టార్చి వేసుకుని కొండెక్కే ఏకాంతప్రియుల్ని చూస్తే తిరుమల మెట్లదారి గుర్తుకురావాల్సిందే. పైకి చేరాక మేఘాల సముద్రం కనపడాలి. కనపడేవి ముందువాళ్లు ఎత్తిపట్టిన ఫోన్లు. పోనీలెండి, వాటి తెరల మీద మేఘాలు బ్రహ్మాండంగానే ఉంటాయి! ఇంతలో ఎవరో స్పీకర్‌లో మాస్ పాట అందుకుంటారు. ప్రశాంతత మరీ నిశ్శబ్దంగా ఉంటే ఏం బాగుంటుంది?

సాహసం లేదా అంటే, ఎందుకు లేదు? దిగేటప్పుడు ఖాళీ నూడుల్స్ కప్పులు, నీళ్ల సీసాల మీద కాలు జారకుండా నడవాలి. మంచుకి తడిసిన చిప్స్ ప్యాకెట్ మరీ ప్రమాదం.

అదే పాడేరు మన్యంలో కాఫీ పళ్ల బస్తా నెత్తిన పెట్టుకుని, రోజూ కొండెక్కి దిగే గిరిజన మహిళను మాత్రం ట్రెక్కర్ అని ఎవరూ అనరు. ఆమె కాళ్లకున్నవి హవాయి చెప్పులు మరి!