బఫరింగ్‌లో బీఎస్సీ

బఫరింగ్ అంటే పోలవరం వాళ్లకి ఎవరూ క్లాసు పీకక్కర్లేదండి. 1981లో అప్పటి ముఖ్యమంత్రి అంజయ్య గారు శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఇంకా చక్రంలా తిరుగుతూనే ఉంది కదా! 2020లో కరోనా వచ్చి కాలేజీలన్నీ ఫోన్లోకి దూరినప్పుడు మన కుర్రాళ్లు అందుకే కంగారుపడలేదు. సిగ్నల్ కోసం గట్టెక్కారు, గుట్టెక్కారు. ఆ ఆగస్టులో గోదారి పొంగి దేవీపట్నం వైపు ఊళ్లు మునిగితే, గుట్ట మీదకి ఊరంతా వచ్చింది. సిగ్నలే రాలేదు.

ముంపు ఊరు వదిలి పునరావాస కాలనీకి తరలిన కుర్రాడి సంగతి ఇంకో రకం. అక్కడ పక్కింటాయన పేరు తెలీదు, ఫోన్లో పక్క గడిలోవాడి ముఖం తెలీదు. మేస్టారు ‘వినబడుతోందా?’ అని ముమ్మారు అడుగుతారు. అరవై నల్ల గళ్లు, ఒక్క ఉలుకూ లేదు.

‘ఎవరితోరా అబ్బాయ్, గంట నుంచీ?’ అంది మామ్మ.

‘క్లాసులో అరవై మందిమి ఉన్నామే.’

‘ఒక్కడూ నోరెత్తడేం? ఎవరైనా పోయారా?’

2021లో యూజీసీ వారు నలభై శాతం దాకా పాఠాలు ఆన్‌లైన్లో చదువుకోవచ్చన్నారు. మిగిలిన అరవై శాతానికి కాలేజీకెళ్తే అక్కడా అంతే: బెంచీకి ముగ్గురు, ముగ్గురికీ మూడు ఫోన్లు. పోలవరంలో గోదారికి 48 గేట్లు పెట్టారు. ఈ పిల్లల నోళ్లకి మాత్రం ఒకటే గేటు, మ్యూటు. ఎత్తే ఇంజినీరు ఇంకా చార్జి తీసుకోలేదట!