తరుగుకీ ఒక దిక్కుంది

సరుకన్నాక తరుగుతుంది. ఇందులో ఎవరికీ పేచీ లేదు. టమాటా నీరు కారుతుంది, తోటకూర వాడుతుంది, వడ్లు ఆరతాయి. వింతల్లా ఏమిటంటే, మన మార్కెట్లలో తరుగుకి బుద్ధి కూడా ఉంది. కాంటా ఎవరిదో చూసుకుని, తప్పకుండా అవతలి మనిషి ఖాతాలోకే వెళ్లి కూర్చుంటుంది.

నమ్మకం లేకపోతే తెల్లవారుజామున ఏదైనా కూరగాయల యార్డుకి వెళ్లి కాంటా పక్కన నిలబడండి. డీసీఎం నుంచి దించిన టమాటా ట్రేని హమాలీ కాంటా ఎక్కిస్తాడు. ఎర్ర అంకెలు కాసేపు ఊగి 27.350 దగ్గర ఆగుతాయి. పక్కన స్టూలు మీద గుమాస్తా. తొడ మీద చిట్టీల బుక్కు, చేతిలో ఒక పెన్ను, చెవి వెనక ఇంకొకటి. అంకె వంక ఓసారి చూసి ‘24’ అని రాస్తాడు. ట్రే బరువు కింద రెండు కిలోలు పోయాయి, సరే. ఆ మూడొందల యాభై గ్రాములు చిల్లర, దాన్నెవడు రాస్తాడు? మరి మిగిలిన కిలో?

‘‘పచ్చి మాలు గద కాకా, ఆరతది.’’

‘‘నిన్న పొద్దుగూకంగ కోసినం సారూ, ఇంక తడి గూడ ఆరలే.’’

‘‘గందుకే. తడుంటె తరుగు, ఆరితె తరుగు.’’

ఈ తర్కానికి జవాబు లేదు. రైతు తలకాయ ఊపి తర్వాతి ట్రే వైపు చూస్తాడు. వెనక ఇంకో డీసీఎం హారన్ కొడుతుంటుంది.

ఆ ఎలక్ట్రానిక్ కాంటాకి తూనికలు కొలతల శాఖ ఏడాదికోసారి పరీక్ష పెట్టి ముద్ర వెయ్యాలి. అనుమతించిన హద్దు దాటి గ్రాముల తేడా వచ్చినా యంత్రం తప్పినట్టే. మంచిదే. కానీ పక్కన గుమాస్తా చేతిలో ఉన్న పెన్నుకి ముద్ర వేసే శాఖ ఏదీ లేదు. యంత్రం పదిహేను సెకన్లు కష్టపడి చెప్పిన నిజాన్ని ఆ పెన్ను ఒక్క గీతతో సవరిస్తుంది. ఆ సవరణ ఎన్నడూ పైకి పోదు. 24.900ని 25 చేసిన గుమాస్తా ఎక్కడైనా ఉంటే అతనికి సన్మానం చెయ్యాలి.

ఇప్పుడు ఆ టమాటాతోపాటే సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కి వెళదాం. యార్డులో ‘కుళ్లు పోతుంది’ అని ముందే బరువు తగ్గించి కొన్న సరుకు ఇది. అంటే కుళ్లిపోయే కాయలకి రైతు ఇప్పటికే కట్టేశాడు. మరి మీరు బండి దగ్గర కిలో తీసుకుంటూ మెత్తబడ్డ రెండు కాయలు పక్కన పెట్టి చూడండి. ‘‘ఏరొద్దమ్మా, అన్నీ కలిపే!’’ అని కేక వినిపిస్తుంది. పొద్దున రైతు కట్టిన కుళ్లుకే సాయంత్రం మీరూ కడతారు. ఒకే టమాటా రెండుసార్లు కుళ్లడం మన వ్యాపార విజ్ఞానం సాధించిన విజయం.

కుళ్లుకి విలువ లేదని అనుకుంటున్నారేమో, తప్పు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో పారేసే కూరగాయలతో కరెంటు తీస్తున్నారు. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో పెట్టిన ప్లాంటు అది. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు వస్తోందని 2021 జనవరి 31న ‘మన్ కీ బాత్’లో ప్రధానే మెచ్చుకున్నారు. నిజంగా మెచ్చుకోవాల్సిన పనే. నా సందేహం ఒక్కటే: కుళ్లిన టమాటాకి వెలుగిచ్చే యోగ్యత ఉన్నప్పుడు, ఇంకా కుళ్లని టమాటా రైతు చిట్టీలో సున్నా ఎలా అయింది?

పాట్ మార్కెట్ వైపు మళ్లితే తరుగు చీర మార్చుకుని కనిపిస్తుంది. ఇక్కడ, ఏ ఊరి బంగారం కొట్లోనైనా జరిగినట్టే, గొలుసు కొనేవాళ్లు తరుగు కట్టాలి. అదే గొలుసు పదేళ్ల తర్వాత అమ్మబోతే అప్పుడూ తరుగు వాళ్లదే. టమాటా దగ్గర అమ్మేవాడికి, బంగారం దగ్గర కొనేవాడికి. మనిషి ఏ పక్కన నిలబడ్డా ఫరవాలేదు, కాంటాకి అవతల నిలబడితే చాలు.

వడ్ల కేంద్రాల సంగతి సరేసరి. తేమ 17 శాతం దాటకూడదని నిబంధన, అది కొలవడానికి మీటరు. ఆ పరీక్షలన్నీ నెగ్గిన వడ్లకి కూడా 40 కిలోల బస్తాకి రెండు మూడు కిలోలు ఎక్కువ తూస్తున్నారని ప్రతి సీజన్‌లో రైతులు రోడ్డెక్కుతూనే ఉన్నారు. అడిగితే గోనెసంచి బరువంటారు. కొత్త జనపనార సంచి అర కిలో పైచిలుకు, 580 గ్రాములు. రెండు కిలోలు తూగే సంచిని ఏ మిల్లు నేసిందో చెబితే పేటెంట్ తీసుకోవచ్చు. వంద బస్తాలకి రెండేసి కిలోలంటే రెండు క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర రూ.2,369 లెక్కన రూ.4,738. సర్కారు ధర పెంచుతుంది, కాంటా దించుతుంది.

‘ఇది ఆనవాయితీ, ఈనాటిది కాదు’ అంటారు పెద్దలు. ఒప్పుకుంటాను. 1956లో తూనికల చట్టం వచ్చింది, 1958 నుంచి మెట్రిక్ తూకాలు వచ్చాయి. సేర్లు, వీశెలు, మణుగులు మ్యూజియం ఎక్కాయి. తక్కెడ పోయి స్ప్రింగు కాంటా, అదీ పోయి ఎలక్ట్రానిక్ కాంటా వచ్చాయి. ఇన్ని మారినా ఎక్కడా తరగనిది తరుగొక్కటే.

2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 30వ సెక్షన్ తక్కువ తూచి అమ్మేవాడినే కాదు, డబ్బిచ్చినదానికన్నా ఎక్కువ సరుకు మోసంతో లాక్కునే కొనుగోలుదారునీ నేరస్తుడే అంటుంది. జరిమానా రూ.10,000 దాకా. మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు. దీనికీ మనవాళ్ల దగ్గర సమాధానముంది: మోసమంటే చాటుగా చేసేది, మేం పదిమంది ముందే కోస్తున్నాం కదా!

గుమాస్తాని తిట్టి లాభం లేదు. ఉన్నదున్నట్టు 25.350 అని రాస్తే రేపు ఆ స్టూలు మీద ఇంకొకడుంటాడు. అతను రాసేది షావుకారు చెప్పిన బరువు. కాబట్టి ఆ చిట్టీలోనే రెండు గళ్లు పెట్టించండి. ఒకదాంట్లో కాంటా చూపిన అంకె, రెండోదాంట్లో కోసిన కిలోలు, ఎందుకు కోశారో, ఎవరు కొయ్యమన్నారో. కింద షావుకారు సంతకం. తరుగు ప్రకృతి నియమమే అయితే సంతకానికి భయమెందుకు?

పనిలో పనిగా షావుకారు కమీషన్‌కీ తరుగు వర్తింపజెయ్యండి. నోట్లు కూడా చేతులు మారితే నలుగుతాయి కదా, వందకి నాలుగు కొయ్యొచ్చు. ఒక్క 30వ సెక్షన్ జరిమానాకి మాత్రం మినహాయింపు ఇవ్వాలి. దాన్ని గ్రాము తగ్గకుండా, పైసలతో సహా వసూలు చెయ్యండి.