మంకీ క్యాప్ కత్తివీరుడు

అనంతగిరి అనగానే మీకు అరకు దారిలో కాఫీ తోటలో, వికారాబాద్ గుట్టలో గుర్తొస్తాయి. మాది ఆ రెండూ కాదండీ. కోదాడ పక్కన, వరి పొలాల మధ్యనుండే అనంతగిరి. గుట్టల్లేవు, కాఫీ లేదు. చలి మాత్రం ఆ రెండు ఊళ్లకూ తీసిపోదు. ముఖ్యంగా నాకు. కార్తీకం వెళ్లీ వెళ్లకముందే మంకీ క్యాప్ తగిలించి, శివరాత్రికి తీస్తాను. మధ్యలో తీస్తే మా ఆవిడ గుర్తుపట్టదేమోనని నా అనుమానం.

వానాకాలం వడ్లు అమ్ముకుని, యాసంగి నారు పోసుకున్నాక రాత్రిళ్లు మనకేం పనుంటుంది చెప్పండి? ఉడకేసిన పల్లికాయ గిన్నె ఒళ్లో పెట్టుకుని, రగ్గు కప్పుకుని టీవీ ముందు కూర్చోవడమే. టీవీ నేనే కొన్నాను. వాయిదాలు నేనే కట్టాను. రిమోట్ మాత్రం ఏ పూటా నా చేతికి వచ్చిన పాపాన పోలేదు.

నాదొక బలహీనత. నేను కాంతారావు అభిమానిని. జానపదాల్లో కత్తి పట్టిన కాంతారావు, నారదుడి వేషం కట్టిన కాంతారావు, 'లవకుశ'లో లక్ష్మణుడైన కాంతారావు. ఆయనది గుడిబండ, కోదాడ మండలం. మా అనంతగిరి 2016లో వేరే మండలమైంది గానీ, అంతకుముందు మేమూ కోదాడ మండలమే. కాబట్టి ఆయన మా మండలం మనిషి, అంటే దాదాపు మా ఇంటి మనిషి. ఈ లెక్క నేను చాలామందికి చెప్పాను. ఎవరూ కాదనలేదు. నేను వాళ్లకు టీ తాగిస్తున్న సమయం చూసి చెబుతాను కదా.

మొన్న డిసెంబరులో పిల్లలు సెలవులకు వచ్చారు. "ఇవ్వాళ కత్తియుద్ధమంటే ఏందో చూపిస్తా. విఠలాచార్య తీసిన 'గురువును మించిన శిష్యుడు' పెట్టండి" అన్నాను. రిమోట్ ఇవ్వకుండా నా మూతి దగ్గర పెట్టి, "పేరు చెప్పు నాన్నా, అదే వెతుకుతుంది" అన్నాడు మావాడు. చెప్పాను. గురుపూర్ణిమ ప్రవచనం వచ్చింది. గట్టిగా చెప్పాను. ఇంకో స్వామివారు వచ్చారు. టోపీ మూతికి అడ్డమొచ్చి నా మాట దానికి అర్థం కావట్లేదట. మా అమ్మాయి పక్కనుంచి మెల్లగా ఒక్కసారి అంది, బొమ్మ వచ్చేసింది.

పోయిన పరువు దక్కించుకుందామని, "ఇది రిలీజైన వారమే కోదాడలో నేల టికెట్టు కొనుక్కుని చూశాను తెలుసా?" అన్నాను.

అమ్మాయి ఫోన్లో ఏదో నొక్కి, "నాన్నా, ఇది 1963లో వచ్చింది. నీ ఆధార్ కార్డులో 1968 ఉంది" అంది.

మనకో అలవాటుంది కదా, ఇరుక్కున్నప్పుడల్లా బడి మీదికి తోసేయడం. "ఆ తేదీ మా బడిలో సారు తోచినట్టు వేసిందే. అయిదేళ్లు తగ్గించి ఉంటాడు" అన్నాను.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"అంటే పెళ్లినాటికి మీకు ముప్ఫై రెండా? మా నాన్నకు ఇరవై ఏడని చెప్పారే!"

చూసింది రెండో రిలీజులో అని ఒప్పుకున్నాను. ఇంకేం చేస్తాను?

మాట మారుద్దామని, కాంతారావు సొంతంగా సినిమాలు తీసి ఆస్తి ఎట్లా పోగొట్టుకున్నాడో జాలిగా చెప్పబోయాను. "ఆయన సినిమాలన్నా తీశాడు. మీరేమీ తీయకుండానే అరెకరం పోగొట్టారు" అంది. ఆ అరెకరం సంగతి మీకు ఇంకెప్పుడైనా చెబుతాను.

మర్నాడు 'మాయాబజార్'. 1957 నాటి నలుపు తెలుపు బొమ్మే చూడాలని నేను, 2010లో రంగులద్దింది చూద్దామని పిల్లలు. మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో పుట్టించిన వెన్నెల గురించి పావుగంట ఉపన్యాసమిచ్చి, రంగులేస్తే ఆ వెన్నెల పాడవుతుందన్నాను. అందరూ తలూపారు. రంగుల్లోనే పెట్టారు. ఎస్వీ రంగారావు గదతో దిగేసరికి నేను వాదన సంగతే మరిచిపోయి పల్లికాయ తొక్కలు గిన్నెలోనూ గింజలు చెత్తబుట్టలోనూ వేస్తున్నానట. మా ఆవిడే చూసి గిన్నె లాక్కుంది.

మూడోనాడు కొత్త సినిమా వంతు. 2023లో వచ్చిన 'బలగం'. అప్పట్లో తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరంతా కూర్చుని చూసి ఏడ్చారే, అదే. "సినిమాకు ఏడవడమేంది" అని ముందే తీర్మానించి కూర్చున్నాను. చివర్లో ఆ బుడగజంగాల దంపతులు, కొమురమ్మ, మొగిలయ్య పాట ఎత్తుకునేసరికి నాకెందుకో అయిదేళ్లుగా మాట్లాడని మా అన్న గుర్తొచ్చాడు. మంకీ క్యాప్ కళ్ల మీదికి లాగేశాను. దాని అసలు ఉపయోగం అదేనని ఆ రాత్రే తెలిసింది. లైటు వేశాక మా ఆవిడ నా వంక చూసి, "టోపీ తడిసింది, తియ్యండి, పొయ్యి దగ్గర ఆరేస్తా" అని మాత్రం అంది. ఇంకేమీ అడగలేదు. అడిగినా బాగుండేది.

ఇక అసలు కథకు వస్తాను. భోగికి రెండ్రోజుల ముందు బావమరిది కుటుంబం, మా అత్తగారు వచ్చారు. బయట మంచు ఆరనివ్వదని, మా ఆవిడ టీవీ ఉన్న గదిలోనే తెల్లటి పంచె పరిచి, దాని మీద వరుసగా సకినాలు చుట్టి ఆరబెట్టింది. ఓ వందకు పైనే ఉంటాయి. టీవీలో మళ్లీ కాంతారావు. "ఈ కత్తి తిప్పడం చూశారా? మణికట్టులోనే ఉంది కిటుకంతా" అన్నాను. "ఎట్లా బావా?" అన్నాడు బావమరిది, అమాయకంగా. వాడు అమాయకుడు కాడని నాకు పాతికేళ్లుగా తెలుసు. అయినా లేచాను.

గోడకు ఆనించిన బూజుకర్ర అందుకున్నాను. రగ్గు మెడకు ముడేసి వెనక్కి వదిలాను, రాకుమారుడి అంగీలాగా. ఒక వేటు వేశాను. రెండోది కాచుకున్నాను. మూడోదానికి ఎడమ కాలు వెనక్కి వేశాను చూడండి, అది రగ్గు మీద పడింది.

వెల్లకిలా సకినాల మీద పడ్డాను. పచ్చిపిండి కదా, దెబ్బేమీ తగల్లేదు. లేచాక రగ్గు వెనకాల నాలుగు వరుసల సకినాలు చుట్లు చుట్లుగా, చెక్కుచెదరకుండా అంటుకుని ఉన్నాయి. మా ఆవిడ నన్ను చూడలేదు, వాటినే లెక్కపెట్టింది. "ఇరవై ఎనిమిది" అంది.

మావాడు అదంతా ఫోన్లో తీశాడు. పదకొండు సెకన్లు. సంక్రాంతి నాడు దాన్ని టీవీకి కలిపాడు. ఆరోజు మా ఇంట్లో కాంతారావూ ఆడలేదు, రంగారావూ ఆడలేదు. పొద్దున్నుంచీ అదే బొమ్మ, ఆట మీద ఆట. ముగ్గు చూడ్డానికొచ్చిన పక్కింటివాళ్లకు కూడా ఓ ఆట వేశారు. బావమరిది నెమ్మదిగా నడిపించి, కాలు రగ్గు మీద పడే చోట ఆపి మరీ చూపించాడు.

సాయంత్రం మా అత్తగారు కళ్లజోడు వెతుక్కుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. "పొద్దున సరిగ్గా ఆనలేదు అల్లుడూ, ఇంకొక్కసారి పెట్టమనవా?"

పిల్లలెవరూ దగ్గర్లేరు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, కొంగుతో తుడిచి, రిమోట్ నా చేతికిచ్చింది.